మా అత్తగారు నేర్చుకున్న ఒక్క ఇంగ్లీషు మాట

మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడిన మొదటి వాక్యం ఇంగ్లీషులో ఉంది. అప్పటికి మా పెళ్ళయి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో ఆవిడ నా గురించి చాలా మాట్లాడారు, నా కోసం చాలా వండారు, నాతో మాత్రం మాట్లాడలేదు. కోపం ఉండి కాదు. తణుకు దగ్గర వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ ఇళ్ళల్లో అత్తగారు అల్లుడి ముందు కూర్చోదు. ఆయన ఉన్న గదిలోకి పనిబడితే తప్ప రాదు. ఏదైనా అడగాలంటే కూతురి చేత అడిగిస్తుంది. మాదేమో నల్లగొండ వైపు. మా అమ్మమ్మ మా నాన్నను "ఏమయ్యా అల్లుడా" అని పిలిచి, పక్కనే చతికిలబడి, ఊళ్ళో సంగతులన్నీ చెప్పి, చివరకు ఏదో ఒక గొడవ పెట్టుకుని లేచేది. అది చూసి పెరిగినవాణ్ణి కదా, మొదటి రెండేళ్ళూ ఈవిడకు నేనంటే గిట్టదనే అనుకున్నాను. నాకు నచ్చలేదు కూడా. ఆ మాట దాచుకోవడం ఎందుకు?

రెండు వేల ఇరవై జనవరిలో ఆవిడ కూతురి పురిటి కోసం జర్మనీలో మేముండే గార్చింగ్ వచ్చారు. ఫిబ్రవరిలో మాకు పాప పుట్టింది. ఏప్రిల్లో ఆవిడ తిరిగి వెళ్ళాలి. మార్చిలో లోకమంతా తలుపులు వేసుకుంది. విమానాలు ఆగిపోయాయి. వీసా ఆఫీసు వాళ్ళు గడువు పొడిగిస్తూ ఉత్తరం ఒకటి పంపి ఊరుకున్నారు. మా ఫ్లాటు రెండు గదులు, ఒక వంటిల్లు. ఒక గదిలో తల్లీ బిడ్డా, ఇంకో గదిలో అత్తగారు. నా ఆఫీసు వంటింటి బల్ల మీదికి వచ్చింది.

ఇక చూడాలి తమాషా. వంటిల్లు ఆవిడ రాజ్యం, అందులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అల్లుడు. ఆవిడ నడవలో నిలబడి, నా మీటింగు అయిందో లేదో కనుక్కోమని లోపల గదిలో ఉన్న కూతురికి చెప్పేవారు. నా భార్య అక్కణ్ణుంచే కేకేసి నన్ను అడిగేది. నేను అక్కడికి కేకేసి జవాబు చెప్పేవాణ్ణి. అత్తగారు నాకు మూడడుగుల దూరంలో ఉండి నా జవాబు మొదట విన్నా, అది కూతురి నోటి నుంచి వచ్చేదాకా కదిలేవారు కాదు. ఒకసారి తొందరలో పోపు వేసేశారు. నేను మైకు ఆపడం మరచిపోయాను. ఆవాల చిటపటలకు మా మేనేజరు, మీ ఇంట్లో ఏమైనా కాలుతోందా అని కంగారుపడ్డాడు. ఆ రోజంతా ఆవిడ నా కంట పడలేదు.

ఆవిడ అంగన్‌వాడీ టీచరు. ఇరవై ఆరేళ్ళుగా అదే ఊళ్ళో, అదే సెంటర్లో. సెంటరు మూసేసినా పని ఆగలేదు. గుడ్లు, పాలు, బాలామృతం ఇంటింటికీ తిరిగి ఇవ్వాలి. అక్కడ ఆయా ఒక్కతే చేస్తోంది. సూపర్‌వైజరు మొదట్లో ఓపిక పట్టింది. మే నెలలో ఫోన్ చేసి, పైనుంచి అడుగుతున్నారనీ, జూలై మొదటికల్లా చేరకపోతే ఆ సెంటర్‌కు వేరే మనిషిని వేసేస్తారనీ చెప్పింది. అత్తగారు ఫోన్ పెట్టేసి చాలాసేపు పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మా మామగారు పోయి పదేళ్ళు. కూతురు ఇక్కడ. ఆవిడకు తనది అంటూ మిగిలింది ఆ సెంటరే. ఎలాగైనా వెళ్ళాలని ఆ రోజే తేల్చి చెప్పేశారు.

చిక్కుకుపోయినవాళ్ళ కోసం మన ప్రభుత్వం విమానాలు నడుపుతోంది. పేరు ఇచ్చి పిలుపు కోసం ఎదురుచూడాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎక్కి ఢిల్లీలో మారాలి. పాపకు పాస్‌పోర్టు ఇంకా రాలేదు, కాబట్టి నా భార్య కదలలేదు. నేను వెళితే తిరిగి రానిస్తారో లేదో తెలియదు. అంటే ఆవిడ ఒక్కరే వెళ్ళాలి. వచ్చేటప్పుడు తణుకు వాళ్ళే ఒక కుటుంబం తోడు దొరికింది. ఇప్పుడు ఎవరూ లేరు. జర్మన్ రాదు, హిందీ రాదు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలరు, అంతే. మూతికి మాస్కు, దాని మీద ముఖానికి అద్దంలాంటి ఫేస్ షీల్డు, పెదవుల కదలిక కూడా కనిపించదు.

ఇంగ్లీషు నేర్పడం నా భార్య మొదలుపెట్టింది. మొదటి రోజు పాప ఏడ్చింది. రెండో రోజు పాఠం చెబుతూ చెబుతూ తానే నిద్రపోయింది. మూడో రోజు, "నా వల్ల కాదు, నువ్వే చెప్పు" అని నాకు అంటగట్టింది. మీ అమ్మ నాతో తెలుగే మాట్లాడదు, ఇంగ్లీషు ఎట్లా మాట్లాడుతుంది అన్నాను. పోనీ ఇంగ్లీషైనా మాట్లాడుతుందేమో చూడు అంది.

నాకు తెలిసిన చదువు ఒకటే. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు అంటే 'మీనింగ్స్'. రోజుకు పది. నోటుబుక్కు పేజీ మధ్యలో గీత కొట్టి, ఎడమ వైపు ఇంగ్లీషు మాట, కుడి వైపు తెలుగు మాట. బట్టీ పట్టి, పొద్దున్నే లేచి నిలబడి అప్పజెప్పాలి. అందులో 'గెట్' అన్నదానికి ఎదురుగా 'పొందు' అని ఉండేది. ఆ ఒక్క అర్థాన్నీ మోసుకుని హైదరాబాదులో ఇంజనీరింగు చదవడానికి వెళ్ళాను. అక్కడ వాళ్ళు గెట్‌తో నిద్ర లేస్తున్నారు, బస్సు దిగుతున్నారు, కోపం తెచ్చుకుంటున్నారు, జోకు అర్థం చేసుకుంటున్నారు, పెళ్ళి కూడా చేసుకుంటున్నారు. నేను మాత్రం ఎక్కడికి వెళ్ళినా పొందుతూనే ఉన్నాను. ఏడాది పాటు నోరు విప్పలేదు. తర్వాత తెలిసింది, ఆ ఒక్క మాట చేతికొస్తే సగం ఇంగ్లీషు నడిచిపోతుందని. అందుకని అత్తగారికి వంద మాటలు వద్దు, ఈ ఒక్కటీ నేర్పుదాం అనుకున్నాను.

రోజూ మధ్యాహ్నం నా మీటింగుల మధ్య అరగంట పాఠం. నేను బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడేవారు. కూర్చోమని ఎంత చెప్పినా వినలేదు. పాఠం చెప్పే నాకు, హోంవర్కు చేయని పిల్లవాణ్ణి నిలబెట్టినట్టు అనిపించేది. నేను మీనింగ్స్ పద్ధతిలో మొదలుపెట్టాను. గీత కొట్టాను. ఎడమ వైపు గెట్, కుడి వైపు ఒకటి, రెండు, మూడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, రేపటికి బట్టీ పట్టి రమ్మన్నాను.

మర్నాడు ఆవిడ నా కాగితం తీసుకురాలేదు. పాప డైపర్ల అట్టపెట్టెను కత్తిరించి, దాని వెనక పెద్ద చార్టు గీసుకుని తెచ్చారు. పాల సీసా బొమ్మ, పక్కన తెలుగక్షరాల్లో 'గెట్ మిల్క్'. మంచం మీంచి లేస్తున్న పాప బొమ్మ, 'గెట్ అప్'. రైలు బొమ్మ రెండుసార్లు, ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి. అంగన్‌వాడీలో అలాగే చెబుతారట. చేతిలో లేని వస్తువు పేరు, కంటికి కనిపించని పని పేరు పిల్లలకు చెప్పకూడదట. ఆ సంగతి నాకు కాక, గోడకు చెబుతున్నట్టు చెప్పారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని మా సారు ఊరికే అనేవాడు కాదు.

ఆ రోజే నేను పాలడబ్బా కోసం ఫ్రిజ్ వైపు చూస్తుంటే, ఆవిడ అది తీసి బల్ల మీద పెట్టి, "ఐ గెట్ మిల్క్" అన్నారు. ఎవరి చేతా చెప్పించలేదు. గోడకు చెప్పలేదు. నా వైపు చూసి చెప్పారు. లోపలి గదిలోంచి నా భార్య చప్పట్లు కొట్టింది. ఇంగ్లీషులో మాట్లాడితే అది అల్లుడితో మాట్లాడినట్టు లెక్కలోకి రాదని ఆవిడ తేల్చుకున్నట్టుంది. అది పాఠం అప్పజెప్పడం కిందికి వస్తుంది, అంతే.

గెట్‌తో నాకున్న అసలు చిక్కు బొమ్మలు గీయలేని చోట వచ్చింది. గెట్ యాంగ్రీ, గెట్ టైర్డ్, గెట్ యూజ్డ్ టు, గెట్ వెల్. వీటిని ఎలా వివరించాలో తెలియక నాలుగు రోజులు తంటాలు పడ్డాను. ఆవిడ చార్టు వైపు చూస్తూ కాసేపు పెదవులు కదిపారు. తర్వాత కూతురిని పిలిచి, అల్లుడుగారితో ఇలా చెప్పమన్నారు: ఇది మన 'పడు'యే కదా. కోపపడు. భయపడు. ఇబ్బందిపడు. అలవాటుపడు. జబ్బు చేసి తేరుకుంటే కుదుటపడు. గండం గట్టెక్కితే బయటపడు. ఇంజనీరింగు చదివి, సముద్రాలు దాటి, ఇన్నేళ్ళుగా వాడుతున్న మాటకు మన ఇంట్లోనే అన్న ఉన్నాడని నాకు తట్టనేలేదు.

గెట్ అవుట్ అంటే మాత్రం ఆవిడకు ముందే తెలుసు. ఏడో తరగతిలో ఆలస్యంగా వెళ్ళినందుకు మాస్టారు అన్నారట. తెలుగువాళ్ళలో చాలామందికి మొదట వచ్చే ఇంగ్లీషు అదే. ఆ తర్వాత సినిమాల పుణ్యమా అని 'గెటప్' వస్తుంది, అది నిద్ర లేవడం కాదు, వేషం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో వేసుకోవలసిన ముఖం అద్దం, చేతి తొడుగులు, పైన నీలం గౌను ఒకసారి తొడిగి చూపించారు. గెటప్ అదిరింది అత్తమ్మా అన్నాను. నవ్వి లోపలికి వెళ్ళిపోయారు. నేను ఆ నవ్వుకు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. నాలుగేళ్ళకు నా మాటకు ఆవిడ నవ్వారు.

జూన్ రెండో వారంలో విమానం పిలుపు వచ్చింది. నెలాఖరుకు సీటు. దానితో పాటు ఒక పత్రం వచ్చింది. ఒంట్లో ఏ బాధా లేదని రాసి సంతకం పెట్టాలి. ఏ మాత్రం అనుమానం వచ్చినా ఎక్కనివ్వరు. నా భార్య ఆ పత్రాన్ని తెలుగులోకి మార్చి చదివి వినిపించింది. అన్నిటికీ లేదు, లేదు అన్నారు. బీపీ మాత్రలు ఉన్నాయా అని అడిగితే, ఉన్నాయిలే అమ్మా, నువ్వు బాలింతవి, నీకెందుకు ఇవన్నీ అన్నారు.

మర్నాడు పాఠంలో, కళ్ళు తిరగడానికి గెట్‌తో ఏమంటారని చార్టును అడిగారు. గెట్ డిజ్జీ అని చెప్పాను. రాసుకున్నారు. నా వైపు తిరిగి, "ఐ గెట్ డిజ్జీ" అన్నారు.

"వెరీ గుడ్" అన్నాను.

విమానంలో పనికొచ్చే వాక్యం అనుకున్నాను మరి. పై రోజు ఇంకో వాక్యం అడిగారు. మాత్రలు అయిపోయాయి, ఎక్కడ దొరుకుతాయి. "ఐ గాట్ నో టాబ్లెట్స్. వేర్ కెన్ ఐ గెట్ టాబ్లెట్స్?" అని చెప్పాను. ఆవిడ అప్పజెప్పారు. టాబ్లెట్స్‌లో 'ట్స్' సరిగ్గా పలకలేదని మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పారు. ఇంకోసారి అన్నాను. మూడుసార్లు చెప్పించి, ఇప్పుడు బాగుంది అని మీటింగులోకి వెళ్ళిపోయాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నాకు సిగ్గుగా ఉంది.

మూడో రోజు నేను ఏమీ అడగకముందే, ఫ్రిజ్ మీద చెయ్యి ఆన్చి, "ఐ గెట్ డిజ్జీ" అన్నారు. ఇది అయిపోయింది కదా, కొత్త వాక్యం చెప్పండి అనబోయాను. అప్పుడు ఎందుకో ఆవిడ చేతిలోని అట్ట మీద చూపు పడింది. ఐ గెట్ మిల్క్. పాలు తీసిచ్చిన రోజు రాసింది. బేబీ గెట్స్ అప్. పాప లేచిన రోజు. డాటర్ గెట్స్ యాంగ్రీ. దాని కథ ఇల్లంతా విన్నదే. హీ గెట్స్ కాల్. నా ఫోన్ మోగినప్పుడు. బొమ్మలు పోను, మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా అందులో జరగని సంగతి ఒక్కటీ లేదు. చేతిలో లేనిది చెప్పకూడదన్న మనిషి, ఉత్తుత్తి వాక్యం ఎందుకు చెబుతుంది?

"అత్తమ్మా, ముందు కూసోండి" అని కుర్చీ లాగాను. ఆ క్షణాన నాకు మర్యాద, మీ ఊరు, మా ఊరు ఏవీ గుర్తులేవు. భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. చెయ్యి చల్లగా ఉంది. ఆవిడ కూర్చున్నారు. నా ముందు కూర్చోవడం అదే మొదటిసారి. తల దించుకుని, తెలుగులో, నెమ్మదిగా చెప్పారు.

"మే నెల నించీ సగం సగం వేసుకుంటన్నానండి. నాలుగు రోజుల్నించి అదీ లేదు. అమ్మాయికి చెప్తే బెంగెట్టుకుంటది. మీతో ఎలా చెప్పాలో తెలీలేదు."

చెప్పారు కదా అత్తమ్మా, మూడు రోజుల నుంచి చెబుతూనే ఉన్నారు, నేనే వినలేదు అన్నాను. నాతో మాట్లాడని మనిషి అని ఇన్నేళ్ళూ నేను తప్పుపట్టిన ఆవిడ, మాట్లాడడానికి ఒక దారి వెతుక్కుని వస్తే, నేను ఆ దారిలో బెత్తం పట్టుకుని కూర్చున్నాను.

మా డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరకడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. ఫోన్ పట్టుకుని బతిమాలగా సాయంత్రం రమ్మన్నారు. తీరా వెళితే రోగి ఒక్కరే లోపలికి రావాలట. నేను కూడా వస్తానని, ఆవిడకు భాష రాదని తలుపు దగ్గరే వాదించాను. నర్సు ఒప్పుకోలేదు. అత్తగారు నా వైపు చూశారు, చార్టు మడతపెట్టి చంకలో పెట్టుకున్నారు, లోపలికి వెళ్ళిపోయారు. నేను రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను. మా పదో తరగతి ఫలితాల రోజు కూడా నేను అంత కంగారుపడలేదు.

అరగంట తర్వాత చేతిలో మందుల చీటీతో వచ్చారు. డాక్టరు ఇంగ్లీషులో తలనొప్పి వస్తుందా అని అడిగాడట. "ఐ గెట్. మార్నింగ్" అన్నారట. మాత్రలు వేసుకుంటున్నారా అంటే, "ఐ గాట్ నో టాబ్లెట్స్" అన్నారట. మూడుసార్లు అప్పజెప్పిన వాక్యం కదా, 'ట్స్' బాగానే పలికిందట. ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నారని ఆయన అడిగితే, వంటిల్లు అని చెప్పడానికి మాట తెలియక, "ఎట్ హోమ్" అని ఊరుకున్నారట. బీపీ చాలా ఎక్కువగా ఉంది. ఈ మాత్రలు పదిరోజులు వేసుకుని మళ్ళీ రావాలని, అప్పటికి తగ్గితేనే ప్రయాణానికి పత్రం రాసిస్తానని చెప్పాడు. ఆ చీటీతో ఇంటికి వచ్చేసరికి నా భార్యకు అంతా తెలిసింది. తల్లి మీద ఒక పూట అలిగింది, నా మీద మూడు రోజులు.

పదిరోజుల్లో బీపీ కుదుటపడింది. డాక్టరు పత్రం రాసిచ్చాడు. 'కుదుటపడింది' అన్న మాట మాత్రం ఆయనది కాదు, ఆవిడ చార్టు మీద చివర్న రాసుకున్నది. ఆ పదిరోజులూ పాఠం కుర్చీలో కూర్చునే విన్నారు.

ఫ్రాంక్‌ఫర్ట్‌కు అద్దె కారులో నేనే తీసుకెళ్ళాను. వెనక సీట్లోనే కూర్చున్నారు. అది పాత మర్యాద కోసమో, కొత్తగా వచ్చిన కరోనా కోసమో నేను అడగలేదు. విమానాశ్రయం లోపలికి టికెట్టు ఉన్నవాళ్ళకే ప్రవేశం. గుమ్మం దగ్గర నీలం గౌను, ముఖం అద్దం తొడుక్కున్నారు. మెడలో సంచీ, అందులో మాత్రలు, డాక్టరు పత్రం, చార్టులోంచి కత్తిరించుకున్న అట్టముక్కలు. కాళ్ళకు దండం పెట్టబోతే వద్దని వెనక్కి జరిగారు. తల ఊపి లోపలికి నడిచారు. గాజు తలుపుల వెనక వరుసలో ఎంతసేపు కనిపిస్తే అంతసేపు చూశాను. వరుసలో ముందుకు జరుగుతూ ఎవరికో అట్టముక్క చూపించారు. వాళ్ళు చేత్తో దారి చూపించారు.

ఢిల్లీలో మారారు, హైదరాబాదు చేరారు, ప్రభుత్వం పెట్టిన చోట వారం రోజులు విడిగా ఉన్నారు, ఊరు చేరారు. సూపర్‌వైజరు రెండు వారాలు ఓర్చుకుంది. సెంటరు ఆవిడదే అయింది. ఈ కబుర్లన్నీ కూతురికి చేసిన ఫోన్లలో వచ్చాయి. ప్రతి ఫోన్ చివరా, అల్లుడుగారు తిన్నారా అని అడగమనేవారు. మళ్ళీ పాత దారే, ఇంగ్లీషుతో పాటు ఆ చనువు కూడా విమానం దిగిపోయింది అనుకున్నాను. కొంచెం బాధపడ్డాను కూడా.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం మీటింగులో ఉండగా నా ఫోన్ మోగింది. అత్తగారి నంబరు. నా ఫోన్‌కు ఆవిడ ఎప్పుడూ చేయలేదు. మీటింగు మధ్యలోనే లేచి నడవలోకి వెళ్ళాను.

"అల్లుడుగారూ, నేనండి" అన్నారు. తెలుగులోనే. "గుడ్లు పంచి వస్తంటే ఎండకి కళ్ళు తిరిగేయండి. మాత్ర ఏసుకున్నాను, మజ్జిగ తాగేను, ఇప్పుడు పర్లేదు. అమ్మాయికి తర్వాత చెప్తాను. ముందు మీకు చెబ్దామని."

"అత్తమ్మా, ముందు కూసోండి" అన్నాను.

"కూర్చునే మాట్లాడుతున్నానండి" అన్నారు.